తప్పంతా తాబేలుదే

మా అంగలకుదురు అరుగు మీద తేలని సంగతి ఉండదు. మొన్న సముద్రపు తాబేళ్ల కేసు విచారణకొచ్చింది. సూర్యలంక ఒడ్డున చచ్చిపడిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ల ఫోటోలు చూసి, "తప్పెవరిదయ్యా?" అన్నాడొకాయన. ఇంకెవరిది? తాబేలుదే.

దానికి జరిగిన మర్యాదలేమైనా తక్కువా? 2010లో దేశాలన్నీ జపాన్‌లోని నగోయాలో జీవవైవిధ్య సదస్సుకు కూర్చుని, 2020 కల్లా సముద్రంలో పదో వంతు కాపాడతామని మాటిచ్చాయి. 2012 అక్టోబరులో ఆ సదస్సువాళ్లే మన హైదరాబాదులో విడిది దిగారు. 2020 వచ్చింది, పదో వంతు రాలేదు. సిగ్గుపడ్డారా? 2022లో మాంట్రియల్‌లో లెక్క పెంచి, 2030కి 30 శాతం అన్నారు. పాత బాకీ తీర్చనివాడికి కొత్త నోటు రాయడమెంత సేపు! ఎవరిదీ కాని నడిసంద్రం కోసం 2023లో ఇంకో ఒప్పందం. 2024 సెప్టెంబరులో మనమూ చెయ్యి చేసుకున్నాం, అంటే సంతకం పెట్టాం. మా పక్కనున్న తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారే గానీ, ఒక్క ఒప్పందమైనా ఇక్కడ రాసుకున్న పాపాన పోలేదు.

దేశాల్లో కాస్తో కూస్తో చలనం తెచ్చింది రొయ్య ఒక్కటే. ట్రాల్ వలలో చిక్కిన తాబేలు ఊపిరి కోసం పైకి రాలేక చస్తుంది. వల గొంతులో ఏటవాలుగా ఊచల చట్రం బిగిస్తే, రొయ్య సందుల్లోంచి లోపలికి జారుతుంది, తాబేలు కంతలోంచి బయటపడుతుంది. దాన్నే టెడ్ అంటారు. అది కట్టనివాళ్ల రొయ్య కొనమని 1996లో అమెరికా తెగేసి చెప్పింది. మనం చట్రాలు బిగించామా? ప్లీడర్లను బిగించాం. మలేషియా, థాయిలాండ్, పాకిస్తాన్‌లతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కాం. పాకిస్తాన్‌తో మనకింత సఖ్యత ఇంకెక్కడైనా చూశారా? 1998లో తీర్పొచ్చింది: తాబేలును కాపాడటం న్యాయమే, దేశానికో తీరున పంక్తిభేదం చూపడం అన్యాయం. గెలిచింది మనమా, తాబేలా? అరుగు మీద తేలనిదల్లా ఇదొక్కటే.

చట్రాలు లేవని 2019లో మన సముద్రపు రొయ్యకు అమెరికా మళ్లీ తలుపేసింది. రేపల్లె, నిజాంపట్నం చెరువుల వనామీ రొయ్యకు ఆ గొడవ లేదు. అందుకే ఇక్కడ ఎవరికీ నిద్ర చెడలేదు.

చట్టమా? 1972 వన్యప్రాణి చట్టంలో తాబేలుకు పులి పక్కనే పీట వేశారు. వేట నిబంధనల ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోటు వల వెయ్యకూడదు. ఆ గీత కాగితం మీద భేషుగ్గా ఉంది. నీళ్ల మీదే కనపడదు.

పొరుగువాళ్ల ముచ్చటా చెప్పుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మనం 61 రోజులు వేట ఆపుతాం. అదే బంగాళాఖాతంలో బంగ్లాదేశ్ మే 20 నుంచి జులై 23 దాకా ఆపేది. ఒకరు వల ఆరేస్తే ఒకరు వల వేసేవారు. పాపం చేప ఏ కేలండరు చూసుకోవాలి? అక్కడి జాలర్లు ఏళ్లతరబడి మొత్తుకోగా, 2025లో వాళ్లు తేదీలు ముందుకు జరిపి ఏప్రిల్ 15నే మొదలుపెట్టారు. దానికి శాలువాలు కప్పలేదు, గ్రూపు ఫోటోలు దిగలేదు.

తాబేలుకే ఇంకా బుద్ధి రాలేదు. అది గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకొచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. వేట ఆగేది ఏప్రిల్ 15న.