నేను బోరింగుని

చర్ల మండలంలో, అడవి అంచున ఉన్న ఒక కోయ గూడెం నడుమ నన్ను దింపారు. కాగితాల్లో నా పేరు ఇండియా మార్క్ 2. అంతకుముందు ఊళ్లలో వేసిన పోత ఇనుము పంపులు పట్టుమని కొన్నాళ్లు కూడా నిలవకపోతే, 1970లలో షోలాపూర్ పంపును చూసి, యూనిసెఫ్ సాయంతో మా జాతిని తయారుచేశారు. ఊరంతా రోజంతా కొట్టినా తట్టుకోవాలని మమ్మల్ని చేశారు. తట్టుకున్నాను కూడా.

ఎండాకాలం వాగులో ఇసుక తేలితే ఆడవాళ్లు చెలమలు తవ్వి, బురద తేరేదాకా కూర్చునేవాళ్లు. నేను వచ్చాక ఆ కాపలా తప్పింది. తునికాకు కోతకు పోయేవాళ్లు చీకటితోనే వచ్చి సొరకాయ బుర్రలు నింపుకునేవాళ్లు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గొత్తికోయలు ఈ నేల మీద మొదట తాగిన నీళ్లు నావే. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. కొన్నాళ్లకు గూడేనికీ ట్యాంకు, నల్లాలు వచ్చాయి. అందుకు నేను బాధపడలేదు. నల్లా రాని రోజున మళ్లీ బిందెలన్నీ నా దగ్గరికే వచ్చేవి. నా గొలుసుకు గ్రీజు పెట్టే చెయ్యి మాత్రం రావడం మానేసింది. ఇరుసు అరిగింది. బోల్టు వదులైతే ఎవరో తీగతో కట్టారు. కింద గచ్చు పగిలింది, నీళ్లు పోయే కాలువ పూడింది, చుట్టూ పాచి పట్టింది. ఆడవాళ్లు ఊరి పంచాయతీ పెద్దలకు చెప్పారు. "చూద్దాంలే" అన్నారు. మళ్లీ చెప్పారు, మళ్లీ అదే మాట. అంతా నోటిమాటే, ఎక్కడా ఒక కాగితం లేదు.

మిరప కోతల కాలంలో ఒక పొద్దున ఆ తీగ తెగింది. హ్యాండిల్ ఊడి, కొడుతున్న అక్క వెనక్కి పాచి మీద పడింది. మణికట్టు విరిగింది. చర్లకు, అక్కడి నుంచి భద్రాచలానికి ఆటోలో తీసుకుపోయారు. ఆ ఏడు ఆమె మిరప కోతకు పోలేదు, తునికాకుకూ పోలేదు. ఆటో బాడుగకు, మందులకు అప్పు చేశారు. గూడెంలో అందరూ "బోరింగు కొట్టింది, ఖర్మ" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ కాలుస్తోంది. నేను కొట్టలేదు. అది ఖర్మా కాదు. నన్ను చూసుకోవలసినవాళ్లు చూసుకోలేదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు రాసిన 29 అంశాల్లో తాగునీరు ఒకటి.

చూసుకోకపోతే జవాబు చెప్పాల్సిందేనని కోర్టు అన్న కథ ఒకటుంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఒక గడియార స్తంభం ఉండేది. నాలాగే అదీ ఊరి సొత్తు. ఎనభై ఏళ్ల పాతది, దాని సున్నం ఆయుష్షు అందులో సుమారు సగమే. 1951లో అది కూలి మనుషులు చచ్చిపోయారు. లోపం పైకి కనిపించలేదని మున్సిపాలిటీ వాదించింది. 1966లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. దారి పక్కన కట్టడం ఉన్నవాళ్లు దాన్ని చూసుకుంటూ ఉండాలి, లోపం కనిపించినా కనిపించకపోయినా బాధ్యత వాళ్లదే అంది. చనిపోయినవారి కుటుంబాలకు పరిహారం దక్కింది.

అడిగిన ప్రతివాళ్లకూ దక్కదు. రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు పడి ఒకాయన చనిపోతే, అది పడుతుందని ముందుగా తెలిసే వీలు లేదని 1997లో అదే కోర్టు పరిహారం కాదంది. రెండేళ్లకు ఢిల్లీ కేసులో కొమ్మ విరిగి పడింది ఎండిపోయిన చెట్టు నుంచి. ఎండిన సంగతి అందరికీ కనిపిస్తూనే ఉంది కాబట్టి కార్పొరేషన్ పరిహారం కట్టాల్సిందే అంది. నా బోల్టుకు తీగ కట్టి ఉన్న సంగతి గూడెంలో అందరికీ తెలుసు. అది ఒక కాగితం మీద ఉండి, అందినట్టు సంతకం ఉంటే ఆ అక్క చేతిలో ఎంత బలం ఉండేది! 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు, రోడ్డు గుంతల్లో, మూతలేని మ్యాన్‌హోళ్లలో పడి చనిపోయినవారి కుటుంబానికి 6 లక్షలు, గాయపడ్డవారికి 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇమ్మంది. అది మహారాష్ట్ర తీర్పు. మన దగ్గరా అలాంటి ఏర్పాటు రావాలి.

ఆ అక్క పడిన తర్వాత నా తల విప్పి తీసుకుపోయారు. ఎక్కడ పడేశారో నాకు తెలియదు. గొట్టం మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పసిపిల్లలు చుట్టూ ఆడుతుంటే నా లోతు తలచుకుని నాకే భయం వేస్తుంది. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

అక్కలారా, అన్నలారా, బోరింగు వదులైనా, గచ్చు పగిలినా, గొట్టం తెరిచి ఉన్నా కాగితం మీద రాసి ఇవ్వండి. నకలు మీద సంతకం తీసుకోండి. దెబ్బ తగిలితే విరిగిన ముక్కను పారేయకండి, ఫొటో తీయండి. ఆస్పత్రి చీటీలు, ఆటో బాడుగ, పోయిన కూలి లెక్క దాచండి. ఆలస్యం చేయకండి, ఇలాంటి కొన్ని దావాలకు గడువు ఏడాదే. ప్రభుత్వం మీద దావాకు రెండు నెలల ముందు నోటీసు కూడా ఇవ్వాలి. ఏజెన్సీ ప్రాంతంలో దావా ఎక్కడ వేయాలో వకీలు చెబుతారు. ఆ వకీలుకు మీరు డబ్బు ఇవ్వక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకూ గిరిజనులకూ, ఆదాయం ఎంతైనా సరే, వకీలు ఉచితం. కొత్తగూడెంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ రాసినా చాలు.