మూడు వోల్టులు ఎక్కడెక్కడ?

నన్ను ఎర్ర ప్రోబు అంటారు. ఒక ఇంటర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో మల్టీమీటరును పట్టుకుని వేలాడుతుంటాను. నా జోడీ నల్ల ప్రోబుకు పెద్ద పనేం ఉండదు. దాన్ని క్లిప్పుతో ఒక రాగి పట్టీకి తగిలించి వదిలేస్తారు. తిరుగుడంతా నాదే.

గాజు ట్రే కింద గ్రాఫు కాగితం, ట్రేలో పలచగా కుళాయి నీళ్లు, 12 సెంటీమీటర్ల ఎడంతో ఎదురెదురుగా రెండు రాగి పట్టీలు, వాటికి 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు. బ్యాటరీ కూడా కట్టొచ్చు గానీ, పట్టీల దగ్గర బుడగలు లేచి కొంత వోల్టేజీని అక్కడే మింగేస్తాయి. ఏసీతో ఆ బెడద చాలావరకు తప్పుతుంది.

"మూడు దొరికిందే, చుక్క పెట్టు!" అంటుంది నన్ను పట్టుకున్న అమ్మాయి. పక్కపిల్ల వేరే గ్రాఫు మీద చుక్క పెడుతుంది. మళ్లీ నీళ్లలో వెతుకులాట, మళ్లీ మూడు. ఆ చుక్కలు కలిపితే సమశక్మ రేఖ. డిజిటల్ మీటరు లోపలి నిరోధం మామూలుగా 10 మెగాఓములు కాబట్టి నీళ్లలోంచి నేను లాక్కునే కరెంటు లేనట్టే లెక్క. పాత సూది మీటర్లు అలా కావు, కొలవబోయి కొలిచేదాన్నే కాస్త కదిపేసేవి.

విద్యుత్ క్షేత్రాన్ని కొలిచామని వైవాలో ధీమాగా చెబుతారు పిల్లలు. ఆ క్షేత్రాన్ని నేను ఎన్నడూ తాకి ఎరగను. నాకు తెలిసింది పొటెన్షియల్ తేడా ఒక్కటే. సమశక్మ రేఖ వెంట ఆవేశాన్ని జరిపితే పని జరగదు, కాబట్టి క్షేత్రం ఆ రేఖకు లంబంగా ఉండి తీరాలి. అనంతపురం మెట్టచేలలో ఒకే ఎత్తు వెంట వేసిన కాంటూరు గట్లకు అడ్డంగా వాన నీరు పల్లానికి దిగినట్టు. గట్లు దగ్గరైతే వాలు ఎక్కువ, రేఖలు దగ్గరైతే క్షేత్రం బలం ఎక్కువ. పట్టీల నడుమ రేఖలు సమదూరంలో ఉంటాయి, అక్కడ క్షేత్రం మీటరుకు 50 వోల్టులు. చివర్లకు వెళ్లేసరికి బయటికి ఉబ్బుతాయి. రికార్డులో ఆ ఉబ్బు గీసేవాళ్లు తక్కువ, సీనియరు బొమ్మలో లేదు మరి.

పట్టీలు తీసి రెండు కడ్డీలు నిలబెడితే పుస్తకంలోని ధన, రుణ బిందు ఆవేశాల బొమ్మ లాంటిదే వస్తుంది. లాంటిదే, అదే కాదు. పలచటి నీటిపొరలో కరెంటు పక్కలకే తప్ప పైకీ కిందికీ పరుచుకోలేదు. అందుకని అది పొడవాటి కడ్డీల బొమ్మ అవుతుంది. ఇది చెప్పకుండా దాటేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు ఇష్టమైన ఆట వేరే ఉంది. పట్టీల మధ్య ఒక లోహపు ఉంగరం పెట్టి, దాని లోపలి నీళ్లలో నన్ను ముంచుతారు. ఎటు జరిపినా అంకె కదలదు.

"సార్, మీటరు పాడైందండీ."

"పాడవలేదమ్మా. ఉంగరం దాటించి చూడు."

దాటించింది. 3.4 పడింది, ఇంకాస్త జరిపితే 3.7.