ముసుగు ఎవరి కోసం?

సూపర్‌హీరో ముసుగెందుకు వేసుకుంటాడని అడిగితే, తానెవరో శత్రువులకు తెలియకుండా ఉండటానికేనని చిన్నపిల్లలు కూడా చెబుతారు. శత్రువుల తెలివిని ఇంత తక్కువ అంచనా వేయడం భావ్యం కాదు. టీవీ సీరియళ్ల వరకూ ముసుగు దాచేది హీరోని కాదు, అతని బదులు మేడ మీంచి దూకే డూప్‌ని. దాచేది కూడా విలన్‌కి కనబడకుండా కాదు, సోఫాలో కూర్చుని పకోడీలు తింటున్న మనకి కనబడకుండా. 1966లో మొదలైన బ్యాట్‌మ్యాన్ సీరియల్నే తీసుకోండి. ఆడమ్ వెస్ట్‌కి నెత్తి నుంచి ముక్కు దాకా ముసుగు. రాబిన్ వేషం వేసిన బర్ట్ వార్డ్‌కి కళ్ల చుట్టూ చిన్న పట్టీ. గుడ్డ ఎవరికి తక్కువో దెబ్బలు వాళ్లకే ఎక్కువ. ముఖం కనబడిపోతుందన్న సాకుతో ప్రమాదకరమైన షాట్లు తనచేతే చేయించారనీ, ఆసుపత్రి పాలయ్యాననీ వార్డ్ తర్వాత చెప్పుకున్నాడు. ఆయన డూప్ ఆ సమయంలో ఆడమ్ వెస్ట్‌తో కాఫీ తాగుతున్నాడట. అరగజం గుడ్డ అదనంగా కుట్టించి ఉంటే రాబిన్ కూడా ఆ కాఫీకి కూర్చునేవాడు.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2015లో వచ్చిన డేర్‌డెవిల్ వాళ్లు ఈ పొరపాటు చేయలేదు. చార్లీ కాక్స్‌కి మొదటి సీజన్లో చాలామటుకు కళ్లు కూడా మూసేసే నల్లగుడ్డ కట్టారు. హీరోకి ఎలాగూ చూపు లేదు కాబట్టి ఇదేమిటని అడిగేవాడు లేడు. రెండో ఎపిసోడ్లో నడవాలో జరిగే ఫైట్, ఎక్కడా కత్తెర పడనట్టు ఒకే షాట్‌గా సాగుతుంది. హీరో ఒక గదిలో దూరతాడు, లోపల దబదబలు వినిపిస్తాయి, మళ్లీ బయటికొస్తాడు. వచ్చేది ప్రతిసారీ దూరినవాడే కావాలని రూలేం లేదు. కాక్స్, అతని డూప్ క్రిస్ బ్రూస్టర్ అలా చోట్లు మార్చుకుంటూ పని కానిచ్చారు.

బ్యాట్‌మ్యాన్ 1939లోనే కామిక్స్‌లో ముసుగుతో పుట్టాడు కదా, అప్పుడు డూపులెక్కడున్నారని ఎవరైనా అడ్డు తగలవచ్చు. నిజమే, బొమ్మకి డూప్ అక్కర్లేదు. కానీ బొమ్మలేసినవాళ్లకు తెలియని ప్రయోజనాన్ని టీవీవాళ్లు కనిపెట్టారు, అందరికంటే బాగా జపాన్‌వాళ్లు. తలంతా హెల్మెట్‌తో మూసేస్తే లోపలున్నది ఎవరైనా ఒకటే, ఏ దేశమైనా ఒకటే. 1992 నాటి జపాన్ సీరియల్ జ్యూరేంజర్ పోరాటాలనే తీసుకుని, హెల్మెట్ లేని సన్నివేశాలకు తమ నటులను పెట్టి, అమెరికావాళ్లు 1993లో పవర్ రేంజర్స్ వండారు. జపాన్‌లో పసుపు రేంజర్ కుర్రాడు, అమెరికాలో ట్రీనీ అనే అమ్మాయి. గులాబీ రేంజర్ రెండుచోట్లా అమ్మాయే కాబట్టి ఆమె సూట్‌కి పొట్టి గౌను అంచు ఉంది, పసుపుకి లేదు. హెల్మెట్ తలని మూసింది గానీ దర్జీ పనిని మూయలేకపోయింది.

మరి సూపర్‌మ్యాన్‌కి ముసుగే లేదుగా అంటారా? లేకపోవడం వల్ల పడ్డ పాట్లు చూడండి. 1952 నుంచి 1958 దాకా వచ్చిన సీరియల్లో జార్జ్ రీవ్స్ స్ప్రింగ్‌బోర్డ్ మీంచి తానే గెంతాల్సి వచ్చింది, ఎగిరే షాట్లేమో మళ్లీ మళ్లీ అవే వాడుకున్నారు. పైగా మొదటి రెండు సీజన్లూ నలుపు తెలుపు కావడంతో, తెరమీద బాగా పడుతుందని ఆయన దుస్తులు గోధుమ, బూడిద రంగుల్లో కుట్టారు. రంగుల ఎపిసోడ్లు వచ్చాక గానీ ఆయనకి నీలం, ఎరుపు దక్కలేదు.

హల్క్‌కీ ముసుగు లేదన్నది గట్టి అభ్యంతరమే. అయితే మసి పూసి మారేడుకాయ చేయడం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు, వాళ్లు పచ్చరంగు పూశారు. ముసుగు ముఖానికే, రంగు ఒళ్లంతటికీ. టీవీలో హల్క్ వేషం వేసిన లూ ఫెరిగ్నోకి డూప్‌గా చేసిన మ్యానీ పెర్రీ నల్లజాతీయుడు. పచ్చదనం కింద ఆ తేడా ఏమైపోయిందో వెతకడం కష్టం. 1977లో మొదటి టెలిఫిల్మ్‌కి ముందు తీసుకున్నది ఏడడుగులు దాటిన రిచర్డ్ కీల్‌ని. కండలు చాలలేదని కొద్దిరోజులకే మార్చి, ఆరున్నర అడుగులకు కాస్త తక్కువున్న ఫెరిగ్నోని తెచ్చి మళ్లీ తీశారు. అయినా కీల్ ఉన్న షాట్ ఒకటి అందులో ఉండిపోయింది. ఆ కాసేపూ హల్క్ ముప్పావు అడుగు పొడుగు పెరుగుతాడు. కోపం ఎక్కువైందనుకుంటే సరి.