నాలుగు జీబీల హాస్టలు

2025 అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ఆగిపోయాక చైతన్యపురి హాస్టళ్లలో కొత్త గొడవ మొదలైంది. నాలుగు జీబీల సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌కి విండోస్ మేలా, లినక్స్ మేలా? టీ బండి దగ్గర గ్రూప్స్ సిలబస్ సైతం పక్కకు జరిగింది.

ర్యామ్‌ని ఎవరెలా పంచుతారో తెలియడానికి ఈ వీరులకు వేరే పుస్తకం దేనికి, ఉంటున్న హాస్టలు చూసుకుంటే చాలు. లినక్స్ ఓనరుది ధారాళమైన చెయ్యి. ఎవడెంత చోటడిగినా "తీస్కో తమ్మీ" అని అడ్వాన్సు పుచ్చుకుంటాడు. అడిగినంతా ఎవడూ వాడడని ధీమా. ఒక రాత్రి అందరూ నిజంగానే పడుకోడానికి వస్తారు. మౌస్ కూడా కదలదు. చాలాసేపటికి ఓఓఎం కిల్లర్ అనే వాచ్‌మన్ నిద్రలేచి, ఎక్కువ చోటు ఆక్రమించినవాణ్ణి మెడబట్టి గెంటేస్తాడు. వాడు సాధారణంగా మీరు సేవ్ చేయని ప్రాజెక్టు రిపోర్టే.

విండోస్ ఓనరుది రిజిస్టరు పద్ధతి. ర్యామూ పేజ్ ఫైలూ కలిపి ఎంతో అంతకు మించి ఒక్క పేరూ రాయడు. పేజ్ ఫైలంటే మేడమీది చాపలు. అవి పాత హార్డ్ డిస్క్ మీద పరిచారా, మెట్లెక్కి దిగడంతోనే తెల్లారుతుంది. పని తక్కువ, పరుగులెక్కువ అయ్యే ఈ జబ్బు పేరు థ్రాషింగ్. పీటర్ డెనింగ్ 1968లోనే దాని గుట్టు విప్పాడు. మనం ఇంకా రీస్టార్ట్ కొడుతున్నాం.

ఆపిల్ ఓనరు పరుపులు చుట్టి, అంటే ర్యామ్‌లోని డేటాను కుదించి, చోటు చేస్తాడు, 2013 నుంచీ. ఆ విద్య మిగతా ఇద్దరికీ వచ్చు, అద్దెలోనే తేడా. తమ 8 జీబీ ఇతరుల 16తో సమానమంటూ 2023లో ఆ కంపెనీ ఉపాధ్యక్షుడొకరు సెలవిచ్చారు. మరుసటి అక్టోబరుకల్లా కొత్త మ్యాక్‌లలో కనీసం 16 పెట్టారు. ఆ లెక్కన కొన్నవాళ్లకు 32 ముట్టినట్టే, పండగ చేసుకోండి.

ఓనరు సొంత గదీ తక్కువేం పెరగలేదు. విండోస్ 95 కనీసం 4 ఎంబీ అడిగింది, విండోస్ 11 కనీసం 4 జీబీ అంటోంది. వెయ్యి రెట్లు! టైపు చేసేది మాత్రం అదే రెండు పేజీల బయోడేటా. ఓనర్లను తిట్టింది చాలు, అద్దెకొచ్చేవాళ్ల సంగతో? నాలుగు ముక్కల మెసేజీ పంపే యాప్ ఒకటి దిగుతుంది, మొత్తం బ్రౌజర్ని సకుటుంబంగా వెంటేసుకుని. దానికి చోటు చూపలేదని తిట్లు మాత్రం ఓనరుకి.

ఆ యాప్ రాసిందెవరో తెలుసా? ఇదే గల్లీలో నాలుగు జీబీల మీద జావా నేర్చుకుని, ప్రోగ్రాం కంపైలయ్యేలోపు టిఫిన్ చేసొచ్చిన కుర్రాడే. మాదాపూర్లో 32 జీబీల మిషను చేతికొచ్చింది, పాత కష్టం మతికి లేదు. హాస్టలు నుంచి జూనియర్ ఫోన్ చేశాడు.

"అన్నా, నీ యాప్ తెరిస్తే మిషన్ బిగుసుకుపోతోంది."

"ర్యామ్ పెంచుకో తమ్మీ."

"ఇంకో స్లాట్ లేదన్నా."

"అయితే కొత్తది కొనరాదూ!"