పది రోజుల్లో ఇంగ్లీషు

బస్టాండు పుస్తకాల కొట్లలో ‘ముప్పై రోజుల్లో ఇంగ్లీషు’ అమ్ముకునేవాళ్లు పాపం వెనకబడిపోయారు. 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఆ పనిని పది రోజుల్లో తేల్చేసింది. డిగ్రీకి ఇక ఒకటే మీడియం. తెలుగు సెక్షన్లున్న ప్రైవేటు కాలేజీలు జూన్ 18 నుంచి 28 లోపు మార్పిడికి అర్జీ పెట్టుకోవాలి, లేదంటే కోర్సు నడవదు. ముందటేడు తెలుగు మీడియంలో చేరినవాళ్లు 65 వేల పైచిలుకు. వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇంటర్ గట్టెక్కి వచ్చేసరికి ఇంగ్లీషువాళ్లయిపోయారు.

భీమవరం వైపు ఆక్వాకల్చర్ క్లాసులో కాసేపు కూర్చోండి. మాస్టారు నోట్సులోంచి ఒక ఇంగ్లీషు వాక్యం, కామాలతో సహా, చెప్పి రాయిస్తారు. తర్వాత నోట్సు మూసేసి, “ఏం లేదురా...” అంటారు. చదువంతా ఆ ‘ఏం లేదురా’ తర్వాతే ఉంది. దానికి మాత్రం మార్కుల్లేవు.

వెనక బెంచీ కుర్రాడిది రొయ్యల చెరువులున్న ఇల్లు. తెల్లవారుజామున డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎందుకు పడిపోతుందో, వనామీ రొయ్య ఎందుకు పైకి తేలుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు: రాత్రి ఎండ లేదు, నాచు ఆక్సిజన్ ఇవ్వదు సరికదా ఉన్నదీ పీల్చేస్తుంది, ఏరేటర్లు వెయ్యాలి. అదే ప్రశ్న పరీక్షలో వస్తే ఆలిన్‌వన్ గైడులో బట్టీపట్టిన నాలుగు లైన్లు దించుతాడు. మూడోది మరిచిపోతే నాలుగోది రాదు.

ఉద్యోగాల కోసమే ఇదంతా అంటారు. నిజమే, ఇంగ్లీషు కావాలి, ఎవరు కాదన్నారు? కానీ నేర్పాలంటే టీచర్లు కావాలి, గంటలు కావాలి, డబ్బు కావాలి. మీడియం మార్చడానికి ఒక కాగితం చాలు.

సొంత భాషలో పై చదువులు కుదరవని ఇంకో వాదన. 1918లో మొదలైన ఉస్మానియాలో డాక్టరు చదువు దాకా ఉర్దూలోనే చెప్పారు (తెలుగువాడికి అదీ పరాయిదే, ఆ గొడవ వేరు). 1968లో పెట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు తెలుగులో వేసింది. సర్కారు ఉద్యోగం కోసం గ్రూప్స్‌కి కూర్చునేవాళ్లు ఇప్పటికీ వాటికోసమే వెతుక్కుంటారు. ఉద్యోగాలు రావన్న భాషలోనే మరి!

2023 ఏప్రిల్‌లో యూజీసీకి జాలేసింది. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా పరీక్ష స్థానిక భాషలో రాయనివ్వండని యూనివర్సిటీలకు చెప్పింది. ఇక డిక్టేషను ఇంగ్లీషు, పాఠం తెలుగు, జవాబు తెలుగు. సర్టిఫికెట్ మీద మాత్రం ఇంగ్లీషు మీడియం అనే ఉంటుంది లెండి, కంగారుపడకండి.