అద్దెకెక్కిన పందిరి మంచం

మా ఇంటికొచ్చినవాళ్ళు నన్ను చూడగానే చేసే మొదటి పని పడుకోవడం కాదు, ఫొటో తీసుకోవడం. నిలువెత్తు కర్రలు, పైన పందిరి, దానికి కట్టిన తెల్లటి దోమతెర, తలవైపు అద్దం. ఎవరో ఒకరు నా తలపట్టె నిమిరి "రోజ్‌వుడ్డే కదండీ?" అంటారు. కాదండి, నాది రంగం టేకు.

కోనసీమలో, అంబాజీపేటకి దగ్గర్లో ఉంటుంది మా ఊరు. మాది మండువా లోగిలి. నడింట్లో ఆకాశం కనపడే మండువా, నాలుగు వైపుల నుంచీ దాంట్లోకే వాలిన పెంకుల కప్పు, చుట్టూ గదులు. వానొస్తే నీళ్ళన్నీ ఇంటి మధ్యనే పడి, తూములోంచి పెరట్లోకి పోతాయి. చినుకు మొదలవగానే మామ్మగారు చూరు కింద గంగాళం పెట్టిస్తారు. ఇప్పుడొచ్చే అతిథులు ఆ గంగాళాన్ని అలంకారం అనుకుని అందులో గులాబీ రేకులు వేస్తే బావుంటుందని సలహా ఇస్తారు.

నా చెక్క ఓడెక్కి కాకినాడ రేవులో దిగింది. అప్పట్లో కాకినాడకీ రంగానికీ, అంటే బర్మాలోని రంగూన్‌కీ, మధ్య స్టీమర్లు తిరిగేవి. ఇటునుంచి కూలి కోసం మనుషులు వెళ్ళేవారు, అటునుంచి టేకు వచ్చేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక తవ్విన కాలవలు పొలాలకి నీళ్ళతో పాటు పడవలకి దారి కూడా ఇచ్చాయి. ఆ దారిన, గౌతమి దాటి, ఈ లంకసీమకి చేరాను. 1941 డిసెంబరులో రంగం మీద జపాను బాంబులు పడ్డాక, అక్కడి మనవాళ్ళలో ఎందరో అడవుల వెంట నడుచుకుంటూ తిరిగొచ్చారు. అప్పటికే నేనీ ఇంట్లో ఉన్నాను. మామ్మగారి అత్తగారు కాపరానికొచ్చినప్పుడు సారెతో పాటు దిగాను. వడ్రంగి ఒక్క మేకు కూడా కొట్టలేదు. కోడులో తొలిచిన బెజ్జంలోకి పట్టె దిగితే కదలదు, విప్పాలంటే మాత్రం ఊడి వస్తుంది. ఆ విద్య నాకు తర్వాత రెండుసార్లు పనికొచ్చింది, అటకెక్కడానికి ఒకసారి, దిగడానికి ఒకసారి.

నా పందిరికి ఎడమవైపు పైకర్ర మీద వేలెడంత గాటుంది. పడుకుని చూస్తేనే కనపడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి పడింది అది. ఆ తుపాను సంగతి కోనసీమలో ఎవర్నడిగినా చెబుతారు, తెల్లారేసరికి కొబ్బరితోటలు నేలమట్టమై ఉన్నాయి. మా ఇంట్లో సాయంత్రమే దీపాలు పోయాయి. గాలి మలుపు తిరిగాక పెంకులు ఒక్కొక్కటే లేచిపోవడం మొదలైంది. అప్పుడు మామ్మగారు దూదిపరుపు తీయించి నా పందిరి మీద పరిపించారు. పిల్లలంతా నా మీద, పెద్దలు నా కింద. పైనుంచి పెంకు పడ్డప్పుడల్లా పరుపు మెత్తగా మింగేసింది, ఒక్కటి మాత్రం అంచు తప్పించుకుని నా కర్రలో దిగింది. ఆ పెంకుముక్కని మర్నాడు ఇంటి పెద్దాయన పీకారు. గాటు మిగిలిపోయింది.

ఆ తర్వాత ప్లైవుడ్ బాక్సు మంచాలు వచ్చాయి. వాటి పొట్టలో దుప్పట్లు పెట్టుకోవచ్చు, నా కింద దుమ్ము తప్ప ఏముంటుంది? నన్ను విప్పి పశువుల పాక అటక మీద పడేశారు. అక్కడ పిల్లి ఈనింది, ఎలకలు తిరిగాయి, చెద మాత్రం పట్టలేదు. టేకు కదా.

మళ్ళీ కిందికి దించినవాడు మామ్మగారి అబ్బాయే, తుపాను రాత్రి నా మీద నిద్రపోయినవాడు. హైదరాబాదులో ఉద్యోగం చాలించుకుని వచ్చేశాడు. ఇల్లు నిలవాలంటే ఏటా వానలకి ముందు పెంకులు సర్దించాలి. గూనపెంకు సర్దడం తెలిసిన మనుషులు ఇప్పుడు ఊళ్ళో దొరకడం లేదు, పై ఊళ్ళ నుంచి రప్పించాలి. ఆ ఖర్చు కొబ్బరికాయల మీద రాదు. పడగొట్టి డాబా వేద్దామని అందరూ అన్నారు. అతను గదులు అద్దెకిస్తానన్నాడు, పడకా పొద్దున్నే టిఫినూ కలిపి. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులున్నాయి. ఆరు గదులకి మించకూడదు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపరం ఉండాలి. ఆ రెండో షరతు నాకు నచ్చింది. మనుషులు లేకుండా ఇల్లొక్కటే ఉంటే దాన్ని సత్రం అనాలి.

ఇంటిని 'వింటేజ్'గా తయారు చెయ్యడానికి పట్నం నుంచి ఒక కుర్రాడొచ్చాడు. కారైక్కుడిలో పాత సామాన్ల బజారుంది, చెట్టినాడు మేడల్లోంచి ఊడదీసిన స్తంభాలూ తలుపులూ అక్కడికి చేరతాయి. అక్కణ్ణుంచి ఒక గ్రామఫోనూ, మోగని టెలిఫోనూ తెచ్చి చావట్లో పెట్టాడు. మా ఇంట్లో గ్రామఫోన్ ఎప్పుడూ లేదు. ఇప్పుడుంది. నా దగ్గరికొచ్చేసరికి, కోళ్ళ మీద ఇసకకాగితం రుద్ది అక్కడక్కడా చెక్క తేలేలా చెయ్యమని వడ్రంగికి చెప్పాడు.

"ఆయ్, పాతదాన్ని పాతగా కనపడేలా చెయ్యడవేంటండీ?" అన్నాడు వడ్రంగి.

ఆ మాట విన్నాక అతని చేతిలో నేను నిశ్చింతగా ఉన్నాను. లక్కని స్పిరిట్లో కరిగించి, గుడ్డ ఉండతో పూత మీద పూత వేశాడు. పైకర్ర మీద గాటు దగ్గర ఆగి, "ఇది పూడ్చెయ్యమంటారా?" అనడిగాడు. పట్నం కుర్రాడు కంగారుగా "వద్దొద్దు, అదే అందం" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ అబ్బాయి మాత్రం ఏమీ అనలేదు.

అతిథులు రకరకాలు. ఒక జర్మన్ ఆయన వచ్చాడు, నాకంటే పొడుగు. ఈ మూల నుంచి ఆ మూలకి ఐమూలగా పడుకున్నాడు, భార్యకి మిగిలిన చోటు తలగడంత. విదేశీయులొస్తే ఇరవై నాలుగు గంటల్లోగా వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. పెద్దాయన కాలం నాటి రాతబల్ల ముందు కూర్చుని అబ్బాయి ఆ పాస్‌పోర్టులు పట్టుకుని సిగ్నల్ కోసం పడే పాట్లు చూడాలి. బెంగుళూరు జంటలకి మొదట కావాల్సింది ప్లగ్గు, అది సరిగ్గా నా తలపట్టె వెనకుంది. పెళ్ళికి ముందు ఫొటోలు తీసుకునేవాళ్ళు నన్ను మంచంగా వాడనే వాడరు. లాంతరు చేత్తో పట్టుకుని పక్కన నిలబడతారు, ఏసీ పద్దెనిమిదిలో పెట్టి.

టిఫిన్ దగ్గర మాత్రం అందరూ ఒకటే. కోడలు తెల్లారకట్లే పనసాకులు నాలుగేసి తీసుకుని, ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలు కడుతుంది. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడితే పొట్టిక్కలు. మూత తీయగానే పనసాకు వాసన నా గది దాకా వస్తుంది. పళ్ళెం ముందుకు రాగానే అతిథి ఫోను తీస్తాడు. "చల్లారిపోతోందే, ముందు తినమనవే" అని మామ్మగారు కోడలి మీద విసుక్కుంటారు.

ఆవిడకి అసలు బాధ డబ్బుతో. ఇంటికొచ్చి తిన్నవాళ్ళ దగ్గర పైకం పుచ్చుకోవడమేంటని మొదట్లో భోజనం మానేశారు. ఇప్పుడు మెత్తబడ్డారు గానీ, స్తంభానికి అంటించిన క్యూఆర్ కోడ్ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలించారు. డబ్బు కట్టాలంటే స్వామిని పక్కకి జరపాలి.

ఈ సంక్రాంతికి గదులన్నీ ముందే నిండిపోయాయి. కోడిపందాల వాళ్ళు కొందరు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థం చూడాలనేవాళ్ళు కొందరు. అమెరికా నుంచి ఆడపడుచు ఫోను చేసింది, పిల్లలతో వస్తున్నానని.

"మన గది ఉంచావుగా, అన్నయ్యా? అదే, పందిరి మంచం గది."

అబ్బాయి నా అంచునే కూర్చుని ఉన్నాడు. నెత్తి గోక్కున్నాడు. "కనుమ దాకా ఖాళీ లేదే, చెల్లీ. ముక్కనుమ నుంచైతే..."

"ఏంటీ! నేను పడుకున్న మంచం అది. రాత్రంతా పెంకులు పడుతుంటే..."

"నేనూ పడుకున్నాను కదే!"

అటు కాసేపు మాట లేదు. తర్వాత నిదానంగా అడిగింది. "సరే, ఎంతేంటి రేటు?"

మామ్మగారు ఫోను లాక్కున్నారు. "నువ్వు రావే తల్లీ, మండువాలో చాపలేస్తాను. వాడి మొహం, టిఫిన్ డబ్బులు కూడా అడుగుతాడు!"