కాలింగ్‌బెల్ ఘట్టం: టీకా తాత్పర్యం

మూలం:
"నమస్కారమమ్మా, రెండే రెండు నిమిషాలు. లోకంలో ఇన్ని కష్టాలు ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా?"
"అందరు దేవుళ్లూ ఒక్కటేనండీ. పొయ్యి మీద కుక్కర్ ఉంది."

అవతారిక: ఆదివారం ఉదయం, అపార్ట్‌మెంటు మూడో అంతస్తు. వచ్చినవారు ఇద్దరు యెహోవాసాక్షులు. ఒకరి చేతిలో 'కావలికోట' పత్రిక. ఎదురుగా తలుపు సగమే తెరిచిన గృహిణి.

ప్రతిపదార్థం: రెండే రెండు నిమిషాలు = మాట కుదిరితే పావుగంట; కష్టాలు = ఎవరూ కాదనలేని విషయం; ఆలోచించారా = ఏం జవాబు చెప్పినా తరువాతి ప్రశ్నకు దారి; అందరు దేవుళ్లూ ఒక్కటే = అద్వైతం కాదు, గడియ; కుక్కర్ = ఉండవచ్చు, లేకపోవచ్చు.

పాఠాంతరం: తలుపు తీసింది భర్తయితే "మా ఆవిడ పూజలో ఉందండీ" అని కొన్ని ప్రతులలో కనబడుతుంది. ఆవిడ ఆ సమయంలో టీవీ చూస్తున్నా అర్థభేదం లేదు.

ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదక్ ప్రాంతపు కావ్యవ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆ నియమం ఇద్దరు మనుషులు గడపకు చెరోవైపు నిలబడ్డప్పుడు నిలవదు.

విశేషం: వెళ్తూ వెళ్తూ "మళ్లీ కలుస్తాం" అనడం ఉత్త మర్యాద అనుకుంటే పొరపాటు. దానికి వారి సభలో 'పునర్దర్శనం' అనే పేరే ఉంది. ఎవరు ఆసక్తి చూపారో, ఏం మాట్లాడుకున్నారో రాసిపెట్టుకుని ఆ దారం పట్టుకునే వస్తారు. కోవిడ్ వల్ల 2020 మార్చిలో ఆపిన ఇంటింటి ప్రచారాన్ని 2022 సెప్టెంబరులో మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో ఉత్తరాలూ ఫోన్లూ నడిచాయి. సాధారణ ప్రచారకులు నెలకు ఇన్ని గంటలు తిరిగామని లెక్క చెప్పే అలవాటు 2023 నవంబరుతో పోయింది.

శంక: ఇలా గడప గడపా తొక్కడం మన పద్ధతి కాదు కదా?

సమాధానం: ధనుర్మాసంలో హరిదాసు వచ్చేది ఎక్కడికి? అయితే ఒక తేడా ఉంది. తల మీది అక్షయపాత్రలో గుప్పెడు బియ్యం పడితే ఆయన చిడతలు వాయించుకుంటూ పక్క వాకిలికి వెళ్తాడు; ఇంటివాళ్లు దేన్ని నమ్ముతారో ఆరా తీయడు. ఈ ఇద్దరు బియ్యం అడగరు, పత్రికకు డబ్బూ అడగరు. అడిగేది అభిప్రాయం. మన ఇళ్లలో బియ్యం డబ్బా చేతికందేచోటే ఉంటుంది, అభిప్రాయం ఎక్కడ పెట్టామో వెతుక్కోవాలి. తడబాటంతా అక్కడే.

మరో శంక: చట్టం ఒప్పుతుందా? రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ఆచరించడంతోపాటు ప్రచారం చేసుకునే హక్కూ ఇచ్చింది. ఒకరిని మతం మార్చడం మాత్రం ఆ హక్కులో భాగం కాదని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. వినమని అడగవచ్చు, వినకపోవడానికి అవతలివారికీ అంతే హక్కుంది. ఇక ఈ సాక్షుల పేరు మన న్యాయచరిత్రలో నిలిచిపోయింది మరో సంగతి వల్ల. కేరళ బడిలో ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు గాని గొంతు కలపలేదు. బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో వారిని తిరిగి చేర్చుకోమని తీర్పు రాసినది గుత్తిలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం నేర్పేది సహనమేనని ఆయన అందులో గుర్తుచేశారు.

తాత్పర్యం: ఈ ఘట్టంలో వచ్చినవారు కపటులు కారు, ఇంటావిడ కఠినురాలు కాదు. చిక్కంతా ఆ "అందరు దేవుళ్లూ ఒక్కటే" దగ్గరే. ఒక్కడే నిజదేవుడని చెప్పడానికి మెట్లెక్కి వచ్చినవారితో ఆ మాటంటే సంభాషణ ముగియదు, అప్పుడే మొదలవుతుంది. ఇష్టం లేకపోతే "వద్దండీ, మళ్లీ రాకండి" అని సూటిగా చెప్పడమే మేలు. అలా చెప్పిన ఇళ్లను గుర్తుపెట్టుకుని వదిలేయడం వారి పద్ధతిలోనే ఉంది. తీరిక ఉంటే మాత్రం కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఎదురు ప్రశ్న వేయండి. క్రిస్మస్ ఎందుకు చేసుకోరనో, సిలువ ఎందుకు వాడరనో అడగండి. వాళ్లు అవి చేయరన్న సంగతే మనలో చాలామందికి తెలియదు.